పదకొండో సభ్యురాలు

ఆ ఉత్తరం 1996 జూన్‌లో వచ్చింది. మిరుగు కార్తె వెళ్ళిపోతున్నా వాన జాడ లేదు. చంద్రపూర్‌లో డాక్టర్ ఝాన్సీలక్ష్మి దవాఖాన వరండాలో బెంచీల మీద ఇంకా పాతిక మంది కూర్చుని ఉన్నారు. కాంపౌండర్ రామకిషన్ టపాలోంచి ఒక పొడుగాటి కవరు తీసి, మీద ఉన్న సర్కారు ముద్ర చూసి, ఇదేం నోటీసో అనుకుంటూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

ఆమె నిలబడే కవరు చింపింది. లోపల రెండు పేరాల ఇంగ్లీషు ఉత్తరం. సికిల్ సెల్ వ్యాధి మీద జరగబోయే పరిశోధనకు సలహాలివ్వడానికి ఒక సంఘం వేస్తున్నారు. నాగపూర్‌లో సమావేశాలు. పదకొండు మంది సభ్యులు. మొదటి పది పేర్ల పక్కనా ప్రొఫెసరనో, పరిశోధనా సంస్థ డైరెక్టరనో ఉంది. పదకొండో పేరు ఆమెది. పక్కన 'ప్రైవేటు ప్రాక్టీసు, చంద్రపూర్' అని మాత్రం ఉంది.

మూడుసార్లు చదివింది. ఎదుట సాస్తి బొగ్గుగని నుంచి దగ్గుతో వచ్చిన పెద్దాయన చొక్కా గుండీలు విప్పుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన ఊపిరితిత్తులు వినబోయి, చెవుల్లో తన గుండె చప్పుడే వినిపిస్తుంటే, ఒక్క నిమిషం ఆగమని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. తండ్రి అప్పలనర్సయ్య బల్లార్‌పూర్ కాగితం మిల్లులో గుజ్జు వండే చోట పనిచేసినవాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పెద్ద చదువు ఇంగ్లీషు. నాగపూర్‌లో ఎం.డి. పూర్తయ్యాక తోటివాళ్ళు అక్కడే బోర్డులు కట్టుకుంటే ఆమె మాత్రం చంద్రపూర్‌కి తిరిగొచ్చింది. భర్త అచ్యుతరావు పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. మంచిర్యాల మనిషి.

ప్రాక్టీసు పెట్టిన మొదటి ఏడాదే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. రాజురా, కోర్పనా వైపు ఊళ్ళ నుంచి చిన్నపిల్లలూ పడుచువాళ్ళూ ఒళ్ళంతా నొప్పులతో మెలికలు తిరుగుతూ వచ్చేవాళ్ళు. వాళ్ళ మాటల్లో అది బొక్కల నొప్పి, అంటే ఎముకల నొప్పి. అప్పటిదాకా వాళ్ళను చూసినవాళ్ళు కీళ్ళవాతమని మందులిచ్చి పంపేవాళ్ళు. రక్తం తీసి చూస్తే అసలు సంగతి బయటపడేది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, రక్తాన్ని ముందుకు పోనివ్వవు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ పుట్టుకతో వచ్చే జబ్బు. అలాంటి ప్రతి మనిషికీ ఆమె ఒక అట్టకార్డు రాసి పెట్టేది. పేరు, ఊరు, వయసు, బరువు, నొప్పి ఎప్పుడు లేచింది, అంతకు ముందురోజు ఏం పని చేశారు. పన్నెండేళ్ళలో మూడువందల పన్నెండు కార్డులయ్యాయి. వానలో తడిసి కలుపు తీసిన మర్నాడూ, చలి పొద్దున పత్తి ఏరినప్పుడూ నొప్పి ఎక్కువగా లేస్తోందని అప్పటికున్న కార్డులన్నీ ముందేసుకుని లెక్కగట్టి, ఒక వైద్య పత్రికకు పేజీన్నర ఉత్తరం రాసింది. అది అచ్చయి రెండేళ్ళయింది. ఒక్కరూ పలకలేదు. ఎవరూ చదవలేదనే అనుకుంది. ఎవరో చదివారన్నమాట.

ఆ సాయంత్రం అచ్యుతరావు ఉత్తరం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. "నువ్వు గా పది మంది నడుమ మాట్లాడగలవా?" అని అడిగాడు. మాట్లాడలేకపోతే విని వస్తానంది ఆమె. వినడానికే అయితే నిన్ను పిలవరు కదా అన్నాడాయన.

మొదటి సమావేశం జులైలో. పొద్దున బండెక్కి నాగపూర్ చేరింది. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, ఒక్కొక్కరి ముందూ పేరు రాసిన అట్ట. ఆమె కుర్చీ బల్ల చివర, తలుపు పక్కన. అధ్యక్షుడు ప్రొఫెసర్ ధోటే అరవై దాటిన మనిషి, మాట తక్కువ, ఎర్ర పెన్సిలు చేతిలోంచి దించడు. ఆయన విషయం చెప్పాడు. క్యాన్సర్ రోగులకిచ్చే ఒక క్యాప్సూలు సికిల్ సెల్ రోగుల నొప్పుల్ని బాగా తగ్గిస్తోందని పరదేశంలో కిందటేడు తేలింది. అది మన దగ్గర, మన మనుషుల్లో పనిచేస్తుందా, ప్రమాదం లేకుండా ఇవ్వగలమా అన్నది ఈ పరిశోధన తేల్చాలి. చంద్రపూర్ జిల్లాలో ఎనభై మంది రోగులు. సగం మందికి అసలు మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్త క్యాప్సూలు. ఎవరికి ఏది పోతోందో ఇచ్చే డాక్టరుకూ తెలియదు, తీసుకునే మనిషికీ తెలియదు.

ముసాయిదాలో నాలుగో పేజీ దగ్గర ఝాన్సీలక్ష్మి వేలు ఆగిపోయింది. పెద్దవాళ్ళకు రోజుకు రెండు క్యాప్సూళ్ళని ఉంది. ఈ మందు మోతాదు మించితే రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. తెల్లకణాలు పడిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండు అనే లెక్క ఎంత బరువున్న మనిషికని అడిగింది. బల్ల అవతలి నుంచి ఒక ప్రొఫెసర్, డెబ్బై కిలోలకని జవాబిచ్చాడు. మా వైపు రోగులు అంత బరువుండరని ఆమె అంది.

"ఎంత మందిని తూచారు?" అన్నాడు ధోటే.

"మూడువందల మందిని."

"కాగితాలు తెచ్చారా?"

తేలేదు. కార్డులన్నీ చంద్రపూర్‌లో చెక్కపెట్టెలో ఉన్నాయి. ధోటే గడియారం చూసి, భోజనం తర్వాత ఈ పేజీ ఆమోదానికి పెడతానని చెప్పాడు. గంట సమయం.

అందరూ భోజనాల వైపు నడుస్తుంటే ఆమె మెట్లు దిగి రోడ్డు దాటింది. ఎదురుగా ఎస్టీడీ బూత్. ముందున్న ఇద్దరి పని అయ్యేదాకా నిలబడి, గాజు పెట్టెలోకి దూరి చంద్రపూర్ కలిపింది. మూడోసారికి గాని లైను దొరకలేదు. రామకిషన్ ఎత్తాడు. పెట్టె తెరిచి, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ కార్డులు తీసి, పేర్లు అక్కర్లేదు, వరసగా బరువులు చదవమని చెప్పింది. అతను చదవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై నాలుగు. నలభై ఒకటి. ముప్ఫై ఆరు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతున్నాయి. బయట వరస పెరిగింది, గాజు మీద ఎవరో వేళ్ళతో తట్టారు. ఇరవై తొమ్మిదో అంకె దగ్గర ఆమె పెన్నులో సిరా అయిపోయింది. వరసలో ముందున్న ముసలాయన, అప్పటిదాకా విసుక్కుంటున్నవాడే, తలుపు తోసి తన పెన్ను లోపలికి అందించాడు. అరవై బరువులు రాసుకుంది. అందులో యాభై కిలోలు దాటినవాళ్ళు నలుగురు.

నాలుగు నిమిషాలు ఆలస్యంగా లోపలికి వచ్చింది. జాకెట్టు వీపున చెమటకు తడిసి అంటుకుపోయింది. కూర్చోకుండానే, అనుమతి అడిగి, అరవై అంకెలూ చదివింది. ఇరవై దాటేసరికి బల్ల చుట్టూ గుసగుసలు ఆగిపోయాయి. డెబ్బై కిలోల మనిషికి రెండు సరిపోతే, ముప్ఫై ఆరు కిలోల మనిషికి ఒకటే సరిపోవాలని చెప్పి కూర్చుంది.

డెబ్బై కిలోలని చెప్పిన ప్రొఫెసరే ముందుగా తల ఊపాడు. ధోటే ముసాయిదా దగ్గరికి లాక్కుని, ఎర్ర పెన్సిలుతో రెండు అన్నది కొట్టేసి ఒకటి అని రాశాడు. ఆ తర్వాత ఆ మార్పు ఎవరి సూచన మీద జరిగిందో పేరుతో సహా సమావేశం మినిట్స్‌లో రాయమన్నాడు.

తిరుగు బండిలో ఆమెకు సీటు దొరికింది గానీ కూర్చోలేకపోయింది. వరోరా దాటేదాకా తలుపు దగ్గరే నిలబడి గాలికి ఎదురు నిలిచింది. పక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు ఒకటి తర్వాత ఒకటి వెళ్ళిపోతున్నాయి. రోజుకు నలభై మందిని చూసే తను, ఈ ఒక్కరోజు ఒక్కరినీ చూడలేదు. అయినా ఎనభై మందికి వైద్యం చేసి వస్తున్నట్టే ఉంది.

రెండో చిక్కు అంగీకార పత్రం దగ్గర వచ్చింది. పరిశోధనలో చేరే ప్రతి మనిషీ అన్నీ తెలుసుకుని ఒప్పుకుని సంతకం పెట్టాలి. మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి తయారుచేయించారు. తెలుగుదాన్ని రోగుల దగ్గర చదివించి చూసే పని ఆమెకు అప్పజెప్పారు. ఆమె దాన్ని రాజురా దగ్గర భూమన్న ఇంటికి తీసుకెళ్ళింది. భూమన్న వాళ్ళు నాలుగు తరాల కింద వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతులు, పత్తి వేస్తారు. చిన్న కూతురు జయకు పంతొమ్మిదేళ్ళు. ఏడేళ్ళ వయసు నుంచీ ఝాన్సీలక్ష్మి దగ్గరికే వస్తోంది. మూడువందల పన్నెండు కార్డుల్లో ఆమెది తొమ్మిదోది.

వాకిట్లో మంచం వేశారు. జయ మరాఠీ బడిలో చదివింది, తెలుగు అక్షరాలు రావు. భూమన్నకు ఏవీ రావు. డాక్టరమ్మకు వచ్చినవి తల్లి నేర్పిన అక్షరాలు, కూడబలుక్కుని చదవాల్సిందే. 'ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను' అన్న వాక్యం దగ్గర ఆమే రెండుసార్లు తడబడింది.

జయ నవ్వు ఆపుకోలేకపోయింది. "గిది తెలుగేనా మేడమ్?"

ఝాన్సీలక్ష్మికీ నవ్వొచ్చింది. కాగితం మడిచి సంచిలో పెట్టి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో మొత్తం సంగతి చెప్పింది. భూమన్న చివరిదాకా విన్నాడు. గొంతు సవరించుకుని అడిగాడు.

"మేం వద్దంటె, రేపు మా పిల్లకు నొప్పి లేస్తె సూది ఇయ్యరా?"

ఆ ప్రశ్నకు జవాబు పత్రంలో లేకపోలేదు. రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఎవరికీ అర్థం కాని మాటల్లో ఉంది. నువ్వు వద్దన్నా వైద్యం ఎప్పటిలాగే జరుగుతుంది, నడిమిట్ల మానేసినా ఎవరూ ఏమీ అనరని ఆమె చెప్పింది. అయితే ముందుగాల గదే చెప్పాలె గదా అన్నాడు భూమన్న.

ఆ మాటతో ఆమెకు తట్టింది, చదవలేనివాళ్ళకు ఈ ప్రశ్నలూ జవాబులే వినిపించాలని. మరుసటి ఆదివారం అచ్యుతరావుది టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు పట్టుకుని మళ్ళీ వచ్చింది. వాకిట్లోనే క్యాసెట్ నింపారు. భూమన్న తనకు తోచినవన్నీ అడిగాడు, ఆమె జవాబు చెప్పింది. మందు బదులు ఉత్తది ఇస్తే మోసం కాదా? రక్తం ఎంత తీస్తరు? గది ఎటు పోతది? క్యాసెట్ రెండో వైపు మరాఠీలో జయ అడిగింది, పెళ్ళయినవాళ్ళు తినొచ్చా, కడుపుతో ఉంటే ఏం చేయాలని కూడా. మధ్యలో కోడి కూసింది, ఎడ్ల మెడ గంటలు మోగాయి. మూడుసార్లు మొదలుపెట్టినా ఆ చప్పుళ్ళు తప్పలేదు. ఇక అలాగే ఉంచేశారు.

డిసెంబరు సమావేశంలో బల్ల మధ్యన టూ-ఇన్-వన్ పెట్టి మీట నొక్కింది. కోడి కూతకు ఒకరిద్దరు నవ్వారు. 'వద్దంటె సూది ఇయ్యరా' అన్న ప్రశ్న వచ్చినప్పుడు, తెలుగు రానివాళ్ళకు ఆమె అర్థం చెప్పింది. అటు తర్వాత ఎవరూ నవ్వలేదు. చట్టం కాగితాన్నే ఒప్పుకుంటుంది గానీ క్యాసెట్‌ను కాదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. కాగితం ఉంటుంది, కాని ఈ క్యాసెట్ మొత్తం వినకుండా ఒక్కరి చేతా సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోకూడదని తీర్మానం రాయించాడు ధోటే. అందరూ ఒప్పుకున్నారు.

ఆ రోజే ధోటే ఆమెను పక్కకు పిలిచాడు. పరిశోధన నడుస్తున్నంత కాలం రోగుల భద్రత చూడ్డానికి ముగ్గురితో ఒక చిన్న బృందం ఉంటుంది. ఎవరికైనా కీడు జరుగుతుంటే పరిశోధనను ఆపే అధికారం దానికే ఉంది. మేలు స్పష్టంగా తేలిపోయినా ఆపవచ్చు. అందులో మీరుండాలి అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. అయితే ఒక షరతుందని కూడా ఆయనే చెప్పాడు. తీర్పు చెప్పేవాళ్ళు వైద్యం చేయకూడదు. పరిశోధనలో చేరే మీ రోగులను ఇంకొకరికి అప్పగించాలి.

ఆమె దగ్గరి నుంచి చేరబోయేవాళ్ళు పద్నాలుగు మంది. రెండు రోజులు ఆలోచించింది. చివరికి వాళ్ళను చంద్రపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలోని డాక్టర్ మనోహర్‌కు అప్పగించింది. చిన్నవాడు, ఓపికున్నవాడు. అందరికీ తానే చెప్పింది. జయకు చెప్పడమే కష్టమైంది.

"అంటె మీరు నన్ను చూడరా?" అంది జయ.

"గీ ఏడాది చూడను. నువ్వొక్కదానివే కాదు, ఎనభై మందినీ దూరం నుంచి చూస్తా."

జయ పత్రం దగ్గరికి లాక్కుంది. దాని మీద మరాఠీలో పొందికగా సంతకం పెట్టింది.

1997 మార్చిలో క్యాప్సూళ్ళు మొదలయ్యాయి. రెండు వారాలకోసారి రక్తపరీక్ష ఫలితాలు, పేర్లు లేకుండా వట్టి నంబర్లతో ఆమెకు వచ్చేవి. దవాఖాన మూసి, మధ్యాహ్నం అన్నం తిని, ఎనభై వరసలూ వేలు పెట్టి చూసేది. ముగ్గురికి తెల్లకణాలు తగ్గాయి. ప్రతిసారీ ఫోను చేసి రెండు వారాలు మందు ఆపించింది. ముగ్గురూ కోలుకున్నారు. రోజుకు రెండిచ్చి ఉంటే ఏమయ్యేదోనని అప్పుడప్పుడూ అనుకునేది.

ఆగస్టులో వార్ధా నది పొంగి, రాజురా రోడ్డు మీది వంతెన రెండు రోజులు మునిగింది. నీళ్ళు తీసిన మధ్యాహ్నం ఒక జీపు దవాఖాన ముందు ఆగింది. భూమన్న కూతుర్ని చేతుల మీద మోసుకొచ్చాడు. వానలో పత్తిచేలో కలుపు తీసి జయ తడిసింది, మూడు రోజులుగా నొప్పి. ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలని అతనికి తెలుసు. "కాళ్ళు గిటే వచ్చినయమ్మా" అన్నాడు. ఝాన్సీలక్ష్మి షరతులేవీ గుర్తు చేసుకోలేదు. సెలైను పెట్టింది, నొప్పికి సూది ఇచ్చింది. ఆ తర్వాత మనోహర్‌కు ఫోను చేసింది, ధోటేకు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసింది. జయ అక్కడే మూడు రోజులుంది.

అక్టోబరులో, దసరా వెళ్ళిన వారానికి, భద్రతా బృందం నాగపూర్‌లో కూర్చుంది. ఆమె, రక్తవ్యాధుల నిపుణురాలు ఒకరు, హైదరాబాదు నుంచి గణాంకశాస్త్రం తెలిసిన ఉదయ్‌కిరణ్. ముప్ఫై ఏళ్ళ కుర్రవాడు, చేతిలో కంప్యూటరులో అచ్చుతీసిన కాగితాల మడత. రోగులను రెండు జట్లుగా చూపించాడు, 'ఏ', 'బీ' అని. అసలు మందు రెంటిలో ఎవరికి పోతోందో అతనికీ తెలియదు. అది ధోటే దగ్గర సీలు వేసిన కవరులో ఉంది.

ఏడు నెలల్లో నొప్పితో ఆసుపత్రిలో చేరడం 'ఏ' జట్టులో పన్నెండు సార్లు, 'బీ' జట్టులో నలభై ఒకటి. తేడా ఇంతకు మించితే పరిశోధన ఆపి అందరికీ మంచిదే ఇవ్వాలని ముందే ఒక గీత గీసుకున్నారు. ఆ గీత దాటింది. ఉదయ్‌కిరణ్ ఆ అంకెలను మరోసారి చదివాడు. నిపుణురాలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఝాన్సీలక్ష్మి మాత్రం కాగితం మీదే చూస్తోంది. ఆగస్టు నెల వరస. వంతెన మునిగిన ఆ వారంలో రాజురా వైపు నుంచి ఒక్క చేరికా లేదు. జయ తన దగ్గర మూడు రోజులుంది, ఇందులో లేదు. అడిగితే తేలింది, పరిశోధన కేంద్రాల్లో చేరినవే లెక్కకు వస్తాయట. ముసాయిదాలో అలాగే రాశారు. ఆమెతో సహా పదకొండు మందీ చదివి ఆమోదించారు.

ప్రైవేటు దవాఖానలకు పోయినవాళ్ళు ఇంకెందరో అంది ఆమె. వాళ్ళంతా 'ఏ' జట్టువాళ్ళయితే ఏమవుతుంది? ఉదయ్‌కిరణ్ పెన్సిలుతో లెక్క వేశాడు. పది పన్నెండు చేరికలు 'ఏ' జట్టులో తేలితే గీత దాటనట్టే. గదిలో ఉత్సాహం చప్పున చల్లారింది. ప్రకటించేద్దాం, తర్వాత చూద్దామని అనే వీలుంది. ఎవరూ అనలేదు. ఆమె నాలుగు రోజులు గడువడిగింది.

అచ్యుతరావు సెలవు పెట్టి స్కూటరు తీశాడు. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, గడ్‌చాందూర్, వెనక్కొచ్చి వరోరా. చిన్నాపెద్దా కలిపి ఇరవై ఆరు దవాఖానలు. డాక్టర్లలో సగం మంది ఆమెకు తెలిసినవాళ్ళే. రిజిస్టర్లు తిప్పి, ధోటేను అడిగి తెచ్చుకున్న ఎనభై పేర్లలో ఏదైనా కనిపిస్తే తేదీ రాసుకుంది. ఒక చోట డాక్టరు ఊళ్ళో లేకపోతే రెండు గంటలు గుమ్మంలో కూర్చున్నారు. అచ్యుతరావు దుమ్ము కొట్టుకున్న మొహంతో, రిటైరయ్యాక నన్ను గీ కమిటీల డ్రైవరుగ పెట్టుకో అన్నాడు. నాలుగో రోజుకు పద్నాలుగు చేరికలు తేలాయి. పద్నాలుగు. గీత తారుమారు కావడానికి చాలు. పేర్లూ తేదీలూ ఉన్న కాగితాన్ని కవరులో పెట్టి, తనే నాగపూర్ తీసుకెళ్ళి ఉదయ్‌కిరణ్ చేతికిచ్చింది.

అతను పక్కగదిలో నంబర్లు కలిపి చూసుకుంటున్నంతసేపూ ఆమె, నిపుణురాలు టీ ముందు పెట్టుకుని తాగలేదు. అతను తలుపు తీసుకుని వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"పద్నాలుగులో 'ఏ' జట్టుకి రెండు. మిగతా పన్నెండూ 'బీ'."

తేడా తగ్గకపోగా పెరిగింది. ముగ్గురూ సంతకాలు చేశారు, పరిశోధన ఆపాలని, అందరికీ మేలైన క్యాప్సూలే ఇవ్వాలని. ధోటే వచ్చి సీలు తీశాడు. మడత విప్పి చదివాడు. అసలు మందు 'ఏ' జట్టుది. అంత మితభాషీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, నలభై ఏళ్ళ ఉద్యోగంలో తనకిలాంటి రోజు రాలేదని అన్నాడు. నిపుణురాలు ఝాన్సీలక్ష్మిని గట్టిగా కౌగిలించుకుంది. ఉదయ్‌కిరణ్ ఆ చల్లారిన టీలన్నీ తనే తాగేశాడు.

జట్ల జాబితా చేతికొచ్చింది. జయ పేరు 'బీ' లో ఉంది.

మర్నాడే ఆమె రాజురా వెళ్ళింది. మనోహర్ చెప్పవచ్చు, కాని తనే చెప్పాలనిపించింది. జయ చేను గట్టున కూర్చుని ఉంది. ఏడు నెలలూ నువ్వు తిన్నది మందు కాదు, ఉత్తదని, ఎల్లుండి నుంచి అసలుది ఇస్తారని చెప్పింది. చెప్పి, కోపమొస్తే రానీ అన్నట్టు నిలబడింది.

జయ చేతికందిన పత్తికాయ ఒకటి తెంపింది.

"మొన్న ఆగస్టుల మీ దవాఖానల పడుకున్న గదా. గా మూడు దినాలు గూడ లెక్కలకొచ్చినయా?"

"వచ్చినయి. ముందుగాల గవి లెక్కల లేకనే నేను తిరిగి వెతికిన. గందుకే మేం నమ్మకంగ చెప్పగలిగినం."

"అయితె నొప్పి ఉత్తగ పోలే," అంది జయ. తర్వాత, మిగిలిన 'బీ' వాళ్ళందరికీ ఈ సంగతి ఎవరు చెప్తారని అడిగింది. డాక్టర్లు చెప్తారంటే, వాళ్ళతో తానూ వస్తానంది. నిజంగానే వెళ్ళింది. ముప్ఫై తొమ్మిది ఇళ్ళలో ఇరవై రెండింటికి జయ తోడుగా పోయింది.

అసలు మందు మొదలయ్యాక జయకు నొప్పి పూర్తిగా పోలేదు. ఏడాదికి ఆరుసార్లు వచ్చేది ఒక్కసారికి దిగింది. పత్తి ఏరే కాలం మొదటిసారి మొత్తం పని చేసింది. రాజురాలో రక్తపరీక్షలకు ఒక చిన్న గది తెరిచారు. వచ్చేవాళ్ళకు సంగతులు చెప్పే పనికి జయను తీసుకున్నారు. ఝాన్సీలక్ష్మికి ఇంకో రెండు సంఘాల నుంచి పిలుపులొచ్చాయి, ఒకటి గని కార్మికుల ఊపిరితిత్తుల మీద, ఒకటి డాక్టర్ల వృత్తి నియమాల మీద. బయటి దేశాల మందుల కంపెనీలు కొత్తకొత్త ప్రతిపాదనలతో వస్తున్న రోజులవి. ప్రతి కట్టా చివరి పేజీదాకా చదివేది. జీతం లేని ఈ కొలువుకు దవాఖానలో రోజులు పోతున్నాయని రామకిషన్ సణిగేవాడు. అయినా సమావేశం ఉందంటే సంచి సర్ది పెట్టేవాడు.

2001లో ఆమె పట్టుబట్టిన ఒక మాట నెగ్గింది. జబ్బుతో బతుకుతున్నవాళ్ళు ఒకరు సలహా సంఘంలో ఉండాలన్న మాట. నవంబరులో ఒక తెల్లవారుజాము బండికి డాక్టరమ్మ, కొత్త సభ్యురాలు జయ కలిసి నాగపూర్ బయలుదేరారు. జయ కొత్త చీర కట్టుకుంది, ఒళ్ళో కాగితాల కట్ట. భాందక్ దాటకముందే రెండుసార్లు చదివేసింది.

"మేడమ్, మూడో అంశం తప్పు," అంది.

ఏం తప్పని అడిగింది ఝాన్సీలక్ష్మి. బడిపిల్లలందరి రక్తం జనవరి మొదటి వారంలో తీస్తామని రాశారని జయ చూపించింది. ఆ వారం మా ఊళ్ళల్లో సగం మంది పిల్లలు బడిల ఉండరు, పత్తి ఏరనీకి పోతరు, గా పిల్లలకే గద జబ్బు ఎక్కువున్నది, వాళ్ళే తప్పిపోతరు అని గబగబా చెప్పుకుపోయింది.

ఝాన్సీలక్ష్మి ఆ పేజీ తీసుకుని చదివింది. తను నిన్న చదివినప్పుడు ఆ సంగతి తట్టలేదు. కాగితం జయ చేతిలో పెట్టేసింది.

"నాకు చెప్పకు. గాడ మీటింగుల చెప్పు."

జయ ఆ పేజీ మూల మడిచి పెట్టుకుని, ఏం చెప్పాలో మరాఠీలో గొణుక్కుంటూ కిటికీ వైపు తిరిగింది.